పక్షవాతం వచ్చిన చెయ్యి మళ్లీ కదులుతుందా? – ఒక మంచి పుస్తకం, దానికి కావలసిన సవరణ

ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీ కుడి ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా ఉంచండి. ఇప్పుడు మణికట్టును, వేళ్లను మెల్లగా పైకి ఎత్తండి. ఇందులో మీకు విశేషమేమీ కనిపించదు. కాని పక్షవాతం వచ్చిన మనిషి ఈ పనిని కొంచెమైనా చెయ్యగలడా లేదా అన్నదాని మీదే అతని చేతి భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా నేను ఒకసారి ఒక వ్యాసం రాశాను. దానివల్ల ఏం జరిగిందో తరువాత చెబుతాను. ముందు ఆ వ్యాసానికి మూలమైన పుస్తకం సంగతి.

కెనడాకు చెందిన మనోవైద్యుడు నార్మన్ డోయిడ్జ్ 2007లో 'ద బ్రెయిన్ దట్ ఛేంజెస్ ఇట్‌సెల్ఫ్' అనే పుస్తకం ప్రచురించారు. తనను తాను మార్చుకునే మెదడు అని ఆ పేరుకు అర్థం. ఏ భాగం పని ఆ భాగానిదే, ఒక భాగం చెడితే ఆ పని పోయినట్లే, పెద్దవాళ్ల మెదడులో ఇక మార్పు ఉండదు అని చాలాకాలం పాఠాల్లో చెప్పుకుంటూ వచ్చారు. అది నిజం కాదని చూపిన శాస్త్రజ్ఞులను ఒక్కొక్కరినీ కలిసి, వాళ్ల కథలు, వాళ్లు చికిత్స చేసిన మనుషుల కథలు డోయిడ్జ్ చెబుతారు. ఇంటర్ చదువుతున్న విద్యార్థి కూడా కిందపెట్టకుండా చదివేటట్లు రాశారు. అయిదో అధ్యాయం స్ట్రోక్ వచ్చినవాళ్ల చేతుల గురించి, మాటల గురించి. నా విమర్శ ముఖ్యంగా ఆ అధ్యాయం మీదే.

స్ట్రోక్ అంటే మీకు తెలిసే ఉంటుంది. మెదడులో ఒక రక్తనాళం గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోవడమో, చిట్లిపోవడమో జరుగుతుంది. ఆ నాళం మీద ఆధారపడిన నాడీకణాలు నిమిషాల్లో చనిపోవడం మొదలవుతుంది. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి ఒక్కొక్క పక్కన సుమారు పది లక్షల నాడీ తంతువులు దిగుతాయి. వాటిలో ఎక్కువ భాగం మెడ పైభాగాన అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. అందుకే ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుంది. నడకకు మెదడు రెండు పక్కల నుంచీ, వెన్నుపాములోని నాడీవలయాల నుంచీ కొంత సాయం అందుతుంది. బొత్తాం పెట్టుకోవడం, పెన్ను పట్టుకోవడం వంటి వేళ్ల పనులకు అటువంటి సాయం చాలా తక్కువ. ఆ దాటివచ్చే తంతువులే దిక్కు. పక్షవాతం వచ్చినవాళ్లు చాలామంది నడవగలిగినా చెయ్యి మాత్రం వేలాడుతూ ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే.

ఇక అధ్యాయంలోని నాయకుడు ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన ప్రయోగాలు కోతుల మీద. ఒక చేతి నుంచి స్పర్శజ్ఞానాన్ని తెచ్చే నాడుల్ని కోసేస్తే కోతి ఆ చేతిని వాడటం మానేస్తుందని 1895లోనే ఇంగ్లండులో మాట్, షెరింగ్టన్ చూపించారు. స్పర్శ లేనిదే కదలిక లేదని అందరూ అనుకున్నారు. టాబ్ ఒక చిన్న చిక్కు ప్రశ్న వేశారు. కదిలించే నాడులు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు చెయ్యి ఎందుకు కదలదు? మంచి చేతిని కట్టేసి చూశారు. కోతి ఆ 'చచ్చిన' చేత్తోనే తిండి అందుకుంది!

ఆయన ఇచ్చిన వివరణ అందంగా ఉంటుంది. శస్త్రచికిత్స అయిన కొత్తలో నాడీవ్యవస్థ దెబ్బతిని ఉంటుంది కాబట్టి, ఆ చెయ్యి నిజంగానే కదలదు. కోతి ప్రయత్నించి, ఓడిపోయి, రెండో చేత్తో పని గడుపుకోవడం నేర్చుకుంటుంది. కొన్నాళ్లకు చెయ్యి కోలుకున్నా కోతికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ప్రయత్నించడమే మానేసింది. దీన్ని ఆయన 'నేర్చుకున్న నిరుపయోగం' అన్నారు. స్ట్రోక్ వచ్చిన మనుషుల్లోనూ ఇదే జరుగుతుందని ఊహించి, మంచి చేతికి తొడుగు వేసి, పడిన చేత్తో రోజుకు గంటల తరబడి చిన్నచిన్న పనులు చేయించే చికిత్స తయారుచేశారు. మనుషుల మీద ఆయన తొలి ఫలితాలు 1993లో వెలువడ్డాయి.

ఇక్కడ ఒక మాట. ఈ కోతుల చరిత్రకు ఇంకో పక్క ఉంది. 1981లో సిల్వర్ స్ప్రింగ్ అనే ఊళ్లోని ఆయన ప్రయోగశాల నుంచి 17 కోతులను పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. జంతుహింస కింద కేసు నడిచింది. ముందు కొన్ని ఆరోపణల మీద శిక్ష పడింది, చివరికి 1983లో పై కోర్టు దాన్నీ కొట్టివేసింది. పుస్తకం ఈ కథను ఎక్కువగా టాబ్ పక్షాన నిలబడి చెబుతుంది. ఆ గదుల్లో కోతులు ఉన్న తీరు గురించి అవతలివాళ్లు చెప్పింది కూడా చదివి మీరే ఒక అభిప్రాయానికి రండి. ఒక చికిత్స మనుషులకు పనికొచ్చినంత మాత్రాన దాని వెనుక జరిగినదంతా సరైనదైపోదు.

పుస్తకంలో నన్ను బాగా కదిలించిన మనిషి మాత్రం టాబ్ కాదు, మొదటి అధ్యాయంలోని పెద్రో బాక్-ఇ-రీటా. న్యూయార్కులో పాఠాలు చెప్పుకునే పండితుడు, కవి. 65వ ఏట స్ట్రోక్ వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట పోయింది. వైద్యవిద్యార్థిగా ఉన్న కొడుకు జార్జి ఆయన్ను ఇంటికి తీసుకువచ్చి, పసిపిల్లవాడికి నేర్పినట్లు మొదట పాకడం నేర్పాడు. గోళీలు దొర్లించి పడిన చేత్తో పట్టుకోమన్నాడు. గిన్నెలు తోమించాడు. పెద్రో మళ్లీ నడిచారు, మళ్లీ పాఠాలు చెప్పారు. 1965లో కొండలెక్కుతుండగా గుండెపోటుతో మరణించారు. శవపరీక్షలో చూస్తే, మెదడు పైపొర నుంచి వెన్నుకు దిగే తంతువుల్లో 97 శాతం నాశనమయ్యే ఉన్నాయి. గాయం మానలేదు, మిగిలిన కొద్దిపాటి నాడులే పనిని పంచుకున్నాయి. పెద్ద కొడుకు పాల్ ఆ తరువాత ఈ రంగంలో పేరున్న శాస్త్రజ్ఞుడయ్యాడు.

ఇది చదివాక ఎవరికి ఉత్సాహం కలగదు? నాకూ కలిగింది. ఒక పత్రికకు ఈ రెండు అధ్యాయాల సారాంశం తెలుగులో రాశాను. స్థలం చాలక కొన్ని సంగతులు తీసేశాను. కథలన్నీ ఉంచి, షరతులు తీసేశాను.

డిగ్నాబాద్‌లో మా పిన్ని వాళ్లు ఉంటారు. డిగ్నాబాద్ అంటే పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పేట. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మారింది గాని మా వాళ్ల నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. మా బాబాయి ఫీనిక్స్ బే డాక్‌యార్డులో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు తెల్లవారుజామున ఆయనకు కుడి పక్క పడిపోయింది. నాలుగు నెలలకు కర్రసాయంతో నడిచాడు. చెయ్యి మాత్రం భుజం దగ్గర కొంచెం ఎగిరేది, అంతే. వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి.

బి.ఎస్సీ చదువుతున్న మా చెల్లెలు నా వ్యాసం చదివింది. బాబాయి ఎడమ చేతికి మేజోడు తొడిగి, పైన తువ్వాలు చుట్టి, కుడి చేత్తో అన్నం తినమంది. మొదటి రోజు ఆయన నవ్వాడు. మూడో రోజు కంచం తోసేశాడు. "నా మంచి సెయ్యి కట్టేసి, సచ్చిన సేత్తో తినమంటారేటి?" అన్నాడు. నాలుగో రోజు చేతికర్ర పట్టుకోవలసిన ఎడమ చేతికి తువ్వాలు ఉండటంతో గడప దగ్గర పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. నేను వెళ్లినప్పుడు పిన్ని ఒక్క మాటే అంది. "ఆయనకి పట్టుదల లేదమ్మా. నువ్వు రాసినాయన అరవయ్యయిదేళ్లకి పాకి మరీ లేచాడు కదా." బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పట్టుదల లేకపోవడం కాదు. ఆయన చేతికి ఆ చికిత్స వర్తించదు. టాబ్ పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించిన ప్రయోగం అమెరికాలో ఏడు కేంద్రాల్లో జరిగి 2006లో ప్రచురితమైంది. అందులో చేరాలంటే మణికట్టునూ, బొటనవేలినీ, కనీసం మరో రెండు వేళ్లనూ రోగి తనంతట తాను సుమారు 10 డిగ్రీలైనా చాచగలగాలి. అందుకే మిమ్మల్ని మొదట బల్ల అంచున చెయ్యి పెట్టమన్నది. 3,600 మందికి పైగా పరిశీలిస్తే ఇటువంటి షరతులన్నీ దాటి ప్రయోగంలో చేరినవాళ్లు 222 మంది. చేరినవాళ్లకు మేలు జరిగిన మాట వాస్తవమే. నిర్ణీతమైన చేతి పనులకు పట్టే సమయం సగటున 19.3 సెకన్ల నుంచి ఏడాది తరువాత 9.3 సెకన్లకు తగ్గింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో అది 24.0 నుంచి 17.7కి మాత్రమే తగ్గింది. మంచి ఫలితం. కాని ఆ 222 మంది వెనుక పక్కకు నిలబడిన 3,400 మందిని కూడా మీరు ఊహించుకోవాలి. మా బాబాయి ఆ వరుసలో ఉన్నాడు.

ఇంకొక పరిశోధన ఉంది. నెదర్లాండ్స్‌లో 188 మందిని పరిశీలించి 2010లో ప్రచురించినది. స్ట్రోక్ వచ్చిన రెండో రోజుకల్లా వేళ్లను కొంచెమైనా చాచగలిగి, భుజాన్ని కొంచెమైనా పక్కకు ఎత్తగలిగినవాళ్లకు ఆరు నెలల్లో చేతి నేర్పు ఎంతోకొంత తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండూ లేనివాళ్లకు 25 శాతం. ఖరీదైన యంత్రం అక్కరలేదు, మంచం పక్కన కూర్చుని చూస్తే చాలు. ఆ వేలి కదలిక దేన్ని సూచిస్తుంది? మెదడు నుంచి దిగే తంతువుల్లో కొన్నైనా బతికి ఉన్నాయని. సాధన చేస్తే బలపడేది ఉన్న దారే. దారి పూర్తిగా తెగిపోతే మంచి చేతిని కట్టేసినంత మాత్రాన అది పుట్టదు. అలాగని రెండో రోజున కదలిక లేనివాళ్లు ఆశ వదులుకోవాలనీ కాదు. 25 శాతం అంటే నలుగురిలో ఒకరు.

డోయిడ్జ్ పుస్తకం మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. ఆయన అబద్ధం చెప్పలేదు. కాని పుస్తకం మూసేశాక మనకు గుర్తుండేది గెలిచినవాళ్ల ముఖాలే. ఓడినవాళ్లకు పేర్లు లేవు, పేజీలు లేవు.

రెండో ఫిర్యాదు కాలం గురించి. స్ట్రోక్ తరువాత మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తానే చాలా కోలుకుంటుంది. వాపు తగ్గుతుంది, చావుబతుకుల మధ్య ఉన్న కణాలు కొన్ని నిలదొక్కుకుంటాయి, పక్క నాడులు కొత్త కొమ్మలు వేస్తాయి. ఈ కాలంలో ఏం చేసినా అది పనిచేసినట్లే కనిపిస్తుంది. మన ఊళ్లలో పక్షవాతానికి పావురం రక్తంతో మర్దన చేస్తారు కదా, దానికి పేరు వచ్చింది ఇందువల్లే. పావురం చచ్చింది, చెయ్యి లేచింది, రెండింటికీ సంబంధం ఉందనుకున్నారు. పెద్రో కోలుకోవడంలో కూడా కొడుకు నేర్పిన పాకుడు ఎంత, తనంతట తాను వచ్చింది ఎంత? ఒక్క మనిషి కథతో ఇది తేలదు. పోల్చి చూడటానికి పాకకుండా ఉండిపోయిన ఇంకో పెద్రో లేడు. పావురం వైద్యుణ్ణి ఏ ప్రశ్న అడుగుతామో, మనకు నచ్చిన పుస్తకాన్నీ అదే అడగాలి. డోయిడ్జ్‌కు అనుకూలంగా ఒకటి చెప్పాలి: టాబ్ రోగుల్లో చాలామంది స్ట్రోక్ వచ్చి ఏళ్లు గడిచినవాళ్లు. వాళ్లకు తనంతట తాను కోలుకునే దశ దాటిపోయింది కాబట్టి అక్కడ వాదం గట్టిగానే నిలబడుతుంది.

మూడోది, ఎంత ఎక్కువ సాధన చేస్తే అంత లాభం అనే నమ్మకం. పుస్తకమంతా ఈ ధోరణే. ఇది నాకూ సహజంగానే తోచింది. వ్యాయామశాలలో ఒక పూట చికిత్సలో చేతికి సగటున 32 సార్లు మాత్రమే పని చెబుతున్నారని 2009లో అమెరికాలో కేథరిన్ లాంగ్ బృందం లెక్కపెట్టింది. జంతువుల ప్రయోగాల్లో వందల సార్లు చేయిస్తారు. తేడా అక్కడే ఉందని చాలామంది అనుకున్నారు. అదే లాంగ్ బృందం దాన్ని పరీక్షకు పెట్టింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 85 మందిని వర్గాలుగా చేసి కొందరితో 3,200 సార్లు, కొందరితో 6,400, కొందరితో 9,600 సార్లు, మిగిలినవాళ్లతో వాళ్ల శక్తికొద్దీ ఇంకా ఎక్కువ చేయించారు. 2016లో ఫలితం వచ్చింది. ఎక్కువ చేసినవాళ్లకు ఎక్కువ లాభం కనిపించలేదు. తన ఊహను తానే పరీక్షించి, అది నిలబడలేదని అచ్చువేసిన ఆ బృందం పట్ల నాకు టాబ్ మీద ఉన్నదానికంటే ఎక్కువ గౌరవం కలిగింది.

త్వరగా మొదలుపెడితే మంచిదనే నమ్మకానికీ దెబ్బ తగిలింది. అయిదు దేశాల్లో 2,104 మంది మీద జరిగిన ప్రయోగంలో, 24 గంటలలోపే మంచం దింపి తరచుగా లేపి నడిపించినవాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు 46 శాతం. మామూలు పద్ధతిలో 50 శాతం. అది 2015లో. అంటే కదిలించకూడదని కాదు. మొదటి రోజునే అతి చెయ్యకూడదని.

ఇక మన దేశానిది. మా బాబాయి వంటివాళ్లకు నిజంగా సంబంధించినది ఇదే. డిగ్నాబాద్ నుంచి చెన్నైకి గాని విశాఖకు గాని సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం. రోజూ ఆరు గంటలు పక్కన కూర్చునే వ్యాయామ నిపుణుడు అక్కడే కాదు, మన జిల్లా కేంద్రాల్లో కూడా అరుదు. మరి ఇంటివాళ్లకే నేర్పితే? ఈ మంచి ఆలోచనతో మన దేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగుల మీద ప్రయోగం చేశారు. ఒక వర్గంలో కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో సాధన చేయించమన్నారు. రెండో వర్గానికి మామూలు వైద్యమే. ఆరు నెలల తరువాత చనిపోయినవాళ్లు, పరాధీనంగా ఉన్నవాళ్లు కలిపి మొదటి వర్గంలో 47 శాతం, రెండో వర్గంలోనూ 47 శాతం. 2017లో ప్రచురితమైన ఈ ఫలితం చదివి నేను చాలాసేపు ఊరుకుండిపోయాను. ఇది గెలిచి ఉంటే మనకు ఎంత బాగుండేది!

కాని ఒకటి గమనించండి. ఆ ప్రయోగం కొలిచింది చావునూ పరాధీనతనూ. వేలు ఎంత లేచిందన్నది కాదు. కుటుంబం పక్కన ఉండటం వృథా అని అది చెప్పలేదు. కొద్ది శిక్షణతో కుటుంబం నిపుణుల బృందానికి ప్రత్యామ్నాయం కాలేదని మాత్రమే చెప్పింది. ప్రేమకు జీతం లేదు కాబట్టి దానితో వైద్యశాఖ లోటు పూడ్చుకుందామనుకునేవాళ్లు ఈ పరిశోధన చదవాలి.

ఇంతకీ వేలు లేవని చేతికి ఏం చెయ్యాలి? డోయిడ్జ్ పుస్తకంలోనే ఇంకో అధ్యాయంలో దీనికి పనికొచ్చే మనిషి ఉన్నాడు. చెన్నైలో వైద్యం చదివి అమెరికా వెళ్లిన వి.ఎస్. రామచంద్రన్. చెయ్యి తెగిపోయినవాళ్లకు ఆ లేని చేతిలో కలిగే నొప్పిని అద్దంతో తగ్గించిన శాస్త్రజ్ఞుడు. ఛాతీ ఎదురుగా అద్దాన్ని నిలువుగా పెట్టి, పడిన చేతిని అద్దం వెనుక ఉంచి, మంచి చేతిని అద్దం ముందు కదిలిస్తూ ప్రతిబింబాన్ని చూడాలి. పడిన చెయ్యే కదులుతున్నట్లు కంటికి అనిపిస్తుంది. స్ట్రోక్ వచ్చిన తొమ్మిది మంది మీద ఈ పద్ధతిని ప్రయత్నించి ఆయనా, తోటివాళ్లూ 1999లో ప్రచురించారు. తొమ్మిది మంది చాలా తక్కువ. కాని 2018 నాటికి 62 పరిశోధనలు, 1,982 మంది ఫలితాలు కలిపి చూసిన సమీక్షలో ఒక మోస్తరు మేలు ఉన్నట్లు తేలింది. పుస్తకం ఈ అద్దానికీ, తొడుగుకూ మధ్య వంతెన కట్టి ఉంటే మరీ బాగుండేది. మెడలోని వేగస్ నాడికి విద్యుత్ ప్రేరణ ఇస్తూ వ్యాయామం చేయించే పద్ధతి కూడా 108 మంది మీద పరీక్షించగా 2021లో ఫలితమిచ్చింది గాని దానికి శస్త్రచికిత్స కావాలి, అది మన చేతికి ఇంకా దూరమే.

అన్నిటికంటే ముందు, పడిన చేతిని పట్టుకుని మనిషిని లాగి లేపకండి. కండరాల పట్టు లేని భుజం కీలు జారుతుంది, ఆ నొప్పితో చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. మంచి చేతిని కట్టే ముందు నిపుణుణ్ణి అడగండి. కర్రపట్టుకు నడిచేవాళ్లకు నడిచే వేళ అసలు కట్టకండి.

పుస్తకం చదవండి అనే నేను చెబుతాను. అయిదో అధ్యాయం చదివాక ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోండి: ఈ మనిషి వేళ్లు మొదట కదిలాయా? స్ట్రోక్ వచ్చి ఎన్నాళ్లయింది? ఇదే చికిత్స పొంది బాగుపడనివాళ్లు ఎందరు? జవాబు దొరకని చోట గీత గీసి ఉంచండి.

నా పాత వ్యాసానికి సవరణ రాసి ఆ పత్రికకు పంపాను. దాన్ని మా చెల్లెలికి చదివి వినిపిస్తే ఆమె తువ్వాలు తీసి మడిచి లోపల పెట్టింది. పిన్నికి మాత్రం 47 శాతం, 25 శాతం అని నేను చెప్పినవేవీ ఎక్కలేదు. "అంటే ఆయన తప్పేం లేదంటావు" అంది. లేదన్నాను. అద్దం కొన్నారు, రోజూ అరగంట కూర్చుంటున్నారు. వేళ్లు ఇంకా లేవలేదు. పోయిన నెల చెల్లెలు ఫోను చేసి చెప్పింది: బాబాయి ఒక చెక్కను బల్ల మీద పెట్టి, కుడి ముంజేతిని దాని మీద బరువుగా ఆనించి కదలకుండా నొక్కిపట్టి, ఎడమ చేత్తో రంపం ఆడించాడట. కోత వంకరగా వచ్చిందని తిట్టుకున్నాడట.